గోడకి తిరిగిన పేజీ

"నాకు తెలుసండి" అనే మాట ఏడాది క్రితం వరకూ రోజుకి పదిసార్లయినా నా నోటి వెంట వచ్చేది. ఇప్పుడు రావడం లేదు. మా అత్తయ్యగారు మొన్నామధ్య, "ఏంటమ్మాయ్, ఈ మధ్య అన్నిటికీ 'కనుక్కుని చెబుతా' అంటున్నావు, నీ తెలివితేటలు ఏలూరు ఆస్పత్రిలో మర్చిపోయి వచ్చావా?" అని ఆటపట్టించారు. నవ్వాను గానీ, ఆవిడ అన్నది నిజమే.

మా ఊరు మండవల్లి దాటాక కొల్లేటి అంచున ఉంటుంది. అటు చేపల చెరువులు, ఇటు వరి చేలు. మా ఆయనకి కొంచెం మాగాణి ఉంది, నేను పెళ్ళయ్యాక చాలా కాలం ప్రైవేటు స్కూల్లో పాఠాలు చెప్పాను. నాలుగేళ్ళ క్రితం ఒక ట్రస్టు వాళ్ళు మా పంచాయతీ వెనక గదిలో ఆరోగ్య గ్రంథాలయం అని ఒకటి పెట్టి, నన్ను చూసుకోమన్నారు. బీపీ అంటే ఏంటి, పాము కరిస్తే ఏం చెయ్యాలి, బాలింత ఏం తినాలి, అన్నీ తేలిక తెలుగులో చిన్న చిన్న పుస్తకాలు, కరపత్రాలు. చదువు రాని వాళ్ళకి నేను చదివి వినిపించాలి. పుస్తకంలో లేని అనుమానం ఎవరికైనా వస్తే చీటీ రాసి పంపితే, తాడేపల్లిగూడెంలో ఒక డాక్టరు గారు గురువారం గురువారం ఫోన్లో జవాబు చెప్పేవారు. వారానికి రెండు రోజులు రేకు పెట్టెలో పుస్తకాలు సర్దుకుని లంకలకి వెళ్ళేదాన్ని. పెట్టెనీ నన్నూ దోనె మీద దాటించేది నాగేశు. చేపలు పట్టుకునే మనిషి. అతనికి అక్షరం ముక్క రాదు. కానీ నేను చదువుతుంటే గట్టు మీద కూర్చుని అందరికంటే శ్రద్ధగా వినేవాడు. తిరిగి వచ్చేటప్పుడు విన్నదంతా నాకే అప్పజెప్పేవాడు.

పుస్తకాలమ్మ గారని పేరు పడిపోయింది నాకు. గర్వం కూడా వచ్చింది, ఎందుకు దాచాలి? చెప్పేవాడికి వినేవాడు లోకువ అంటారు. మొదట్లో ప్రతి అనుమానానికీ చీటీ రాసేదాన్ని. రెండేళ్ళు గడిచేసరికి సగం వాటికి నేనే జవాబు చెప్పేయడం మొదలుపెట్టాను.

దసరా వెళ్ళిన వారం వాయుగుండం పట్టుకుంది. నాలుగు రోజులు వదలకుండా వాన. కొల్లేరు పొంగి రోడ్డు మీదికి వచ్చింది. ఆ వానలో ఒక రోజు లంక నుంచి తిరిగి వస్తుంటే మా దోనె ఒక మునిగిన గట్టు మీద ఎక్కి కూర్చుంది. పెట్టె బరువుకి కదలడం లేదు. నాగేశు దిగి తోశాడు. కదల్లేదు. నేనూ చీర ఎగ్గట్టి దిగాను. తొడల దాకా నీళ్ళు, గడ్డీ గాదమూ అన్నీ కలిసిన నల్లటి నీళ్ళు.

"మీరెందుకండీ దిగడం, నేను తోస్తాను కదండీ," అన్నాడు.

"పెట్టె దింపేసి తోద్దాం నాగేశూ."

"వద్దండి. మనం తడిస్తే ఆరతామండీ, పుస్తకాలు ఆరవు కదండీ."

గంట సేపు ఇద్దరం ఆ నీళ్ళలో నానాం. నా మడమలకి ఎప్పుడూ పగుళ్ళే. అతని కాళ్ళ సంగతి చెప్పక్కర్లేదు. పుస్తకాలు మాత్రం ఒక్కటీ తడవలేదు.

అట్లతద్ది నాడు నాకు జ్వరం వచ్చింది. ఒళ్ళంతా నొప్పులు. ముఖ్యంగా పిక్కలు, తడిబట్ట పిండినట్టు పిండేసేవి. వానలో తడిశాం కదా, అదే అనుకున్నాను. మూడో రోజుకి కళ్ళు పచ్చబడ్డాయి. అత్తయ్యగారు నా మొహం వెలుగులోకి తిప్పి చూసి, "కామెర్లే. పొద్దున్నే పసరు పోయించుకొద్దాం," అన్నారు.

సరిగ్గా ఇక్కడే నా పెద్దరికం బయటికి వచ్చింది. పసర్ల మీద యుద్ధం చేసినదాన్ని నేను. గ్రంథాలయం గది గోడకి తలుపు పక్కనే "కామెర్లు వస్తే" అనే కాగితం అంటించి, వచ్చిన ప్రతివాళ్ళకీ వేలితో చూపించి చదివి వినిపించినదాన్ని. పసర్లు తాగొద్దు, కళ్ళలో చుక్కలు వేయించుకోవద్దు, కాచి చల్లార్చిన నీళ్ళు తాగండి, నూనెలు తగ్గించండి, విశ్రాంతి తీసుకోండి, చాలావరకు కామెర్లు వాటంతట అవే తగ్గుతాయి. కళ్ళు మూసుకుని కూడా చెప్పగలను.

"అయితే ఏలూరన్నా తీసుకెళ్ళరా," అన్నారు అత్తయ్యగారు మా ఆయనతో.

"అక్కర్లేదండీ అత్తయ్యగారూ. నాలుగు రోజులు పడుకుంటే తగ్గుతుంది. నాకు తెలుసండి."

"ఆ కాగితంలో ఉన్నదే వేదమా అమ్మాయ్?"

మా ఆయన ఆవిడ వంకా నా వంకా చూసి, "దానికి తెలుసులేమ్మా," అన్నారు. మా ఇంట్లో ఆరోగ్యం సంగతుల్లో ఆయన నన్నే నమ్ముతారు. పసరు వద్దనడం తప్పు కాదు, ఇప్పటికీ అదే అంటాను. ఏలూరు వద్దనడం తప్పు. గురువారం దాటిపోయింది, వానకి గది తాళం వేసి ఉంది, అయినా ఫోను చేతిలోనే ఉంది. ఊరందరికీ చీటీలు రాసిన నేను నా జ్వరానికి ఒక్క చీటీ రాసుకోలేదు.

ఆ మర్నాడు పొద్దున్న నాగేశు భార్య పద్మ ఫోన్ చేసింది.

"పుస్తకాలమ్మ గారూ, మా ఆయనకి మూడు రోజుల నుంచి జ్వరమండి. ఇవాళ కళ్ళు పచ్చగా ఉన్నాయండి. మా అన్నయ్య ఏలూరు తీసుకెళ్దామంటున్నాడు, ఈయనేమో పుస్తకాలమ్మ గారిని అడగమంటున్నారు. ఏం చెయ్యమంటారండి?"

నేను పడుకునే చెప్పాను. "నాకూ అదే వచ్చింది పద్మా. నేనూ ఇంట్లోనే ఉన్నాను. కాచిన నీళ్ళు ఇవ్వు, లేవనీయకు. నాలుగు రోజులు చూడండి."

"అలాగేనండి. మీరు చెప్పారంటే ఇంక ఆయన వేరే ఎవరి మాటా వినరు లెండి," అంది. ఆ గొంతు తేలికపడ్డట్టు వినిపించింది నాకు. ఫోను పెట్టేసి, అంత జ్వరంలోనూ ఒక పని చక్కబెట్టానని సంతోషపడ్డాను.

ఏడో రోజుకి నాకు ఒంటికి రావడం ఆగిపోయింది. పొద్దుట్నుంచీ చెంబుడు నీళ్ళు తాగినా ఒక్క చుక్క రాలేదు. కాళ్ళు ఉబ్బాయి. మాట తడబడుతోందని అత్తయ్యగారు గమనించారు. ఈసారి నన్ను ఎవరూ అడగలేదు. ట్రాక్టరు తెచ్చి పరుపుతో సహా ఎక్కించారు. అప్పుడు మా ఆయన, "ఒక్క నిమిషం," అని ఎక్కడికో పరిగెత్తారు. అత్తయ్యగారు వెనక నుంచి తిడుతూనే ఉన్నారు. ఆయన దేనికి వెళ్ళారో ఏలూరు వెళ్ళేదాకా నాకు తెలియదు. మెయిన్ రోడ్డు దాకా ట్రాక్టరు, అక్కడి నుంచి కారు. దారి పొడుగునా చెరువులూ రోడ్డూ ఒకటే నీరు. ఆ దారి సగం నాకు గుర్తు లేదు.

ఆస్పత్రిలో క్యాజువాలిటీ ముందు స్ట్రెచర్ మీద చాలాసేపు ఉంచారు. పైన తిరుగుతున్న ఫ్యాను తప్ప నాకు ఏమీ సరిగా కనిపించేది కాదు. మనుషులు బాగా దగ్గరికి వస్తే తప్ప గొంతులుగానే తెలిసేవారు. డ్యూటీ డాక్టరు చిన్న అమ్మాయి. చెయ్యి పట్టి చూసి, కళ్ళు చూసి, పిక్క నొక్కితే నేను అరిచాను.

"ఇన్ని రోజులు ఎందుకు ఆగారండీ?" అని అడిగింది మా ఆయన్ని. విసుగు లేదు ఆ గొంతులో, అలసట ఉంది.

మా ఆయన చొక్కా లోపలి నుంచి ఒక కాగితం తీశారు. నా గది గోడ మీది కాగితం. కొల్లేటి గాలికి ఏ కాగితమూ రెండు నెలలు నిలవదని నేనే కైకలూరులో ప్లాస్టిక్ పొర వేయించి, నాలుగు మూలలా టేపు పెట్టి అంటించాను. ఆ మూలలకి గోడ సున్నం పెచ్చులతో సహా ఊడి వచ్చింది.

"మేం ఊరికే ఆగలేదండి. ఇందులో ఎలా ఉంటే అలాగే చేశామండి. ఒక్కటీ తప్పలేదండి," అన్నారు. పరీక్షలో మార్కులు తగ్గించిన మాస్టారికి జవాబు పత్రం చూపిస్తున్నట్టుంది ఆయన గొంతు.

ఆ అమ్మాయి కాగితం చూసింది. తర్వాత వెనక్కి తిప్పింది. మెల్లిగా చదివింది. "మూత్రం తగ్గినా, పిక్కల్లో విపరీతమైన నొప్పి ఉన్నా, మాట తడబడినా, వరద నీళ్ళలో తిరిగాక ఈ జ్వరం వచ్చినా ఇంటి దగ్గర ఉండొద్దు. ఆ రోజే పెద్దాసుపత్రికి వెళ్ళండి."

"అది ఇటువైపు లేదు కదండీ," అన్నారు మా ఆయన.

రెండు వైపులా అచ్చు వేసిన కాగితం. గోడకి అంటిస్తే ఒక వైపే కనిపిస్తుందని చంటిపిల్లకి కూడా తెలుస్తుంది. కింద మూల "వెనక చూడండి" అని చిన్న అక్షరాల్లో ఉంటుంది. దాని మీదే నేను గ్రంథాలయం ముద్ర కొట్టాను. గ్రంథాలయంలో ప్రతి కాగితానికీ ముద్ర పడాలి కదా. తాడేపల్లిగూడెంలో మాకు ట్రైనింగు ఇచ్చినప్పుడు ఆ వెనక వైపు కూడా చదివే ఉంటాను. కానీ రెండేళ్ళు రోజూ ఒక వైపే చదివితే, ఆ ఒక వైపే మొత్తం అయిపోయింది.

నాకు ముందు భయం వేయలేదు. ముందు నాగేశు గుర్తొచ్చాడు. అదే నీళ్ళు, అదే గంట, అదే జ్వరం. నాలుగు రోజులు చూడండి అన్నాను. ఆ నాలుగు రోజులూ ఇవాళ్టికి అయ్యాయి.

"నాగేశుకి ఫోన్ చెయ్యండి," అన్నాను. మాట సరిగా రాలేదు. మళ్ళీ అన్నాను. మా ఆయన చేశారు. స్విచ్చాఫ్. లంకలో కరెంటు పోయి రెండు రోజులైందని మాకు తెలుసు. అత్తయ్యగారికి చేసి ఎవరినైనా పంపమన్నారు. "చూద్దాం, దోనెలు తిరగట్లేదు," అన్నారు ఆవిడ. నన్ను లోపలికి తోసుకుపోయారు. చెయ్యి లేపి ఏదో చెప్పాలనుకున్నాను. నర్సు ఆ చెయ్యి పట్టుకుని సూది పెట్టింది.

ఎలుక మూత్రం కలిసిన నీళ్ళలో నానితే వచ్చే జ్వరమట. కిడ్నీలు ఆగిపోయాయి. "మళ్ళీ పనిచేయొచ్చు, చేయకపోవచ్చు, చూడాలి," అన్నారు పెద్ద డాక్టరు గారు. చూడాలి అనే మాటకి ఎంత బరువుంటుందో మంచం మీద పడుకుని వింటేనే తెలుస్తుంది. రోజు విడిచి రోజు రక్తం శుభ్రం చేసే మిషను దగ్గరికి తీసుకెళ్ళేవారు. నాలుగు గంటలు. రక్తం గొట్టాల్లోంచి బయటికి వెళ్ళి తిరిగి వస్తుంటే చూస్తూ పడుకోవడం తప్ప చేసేది లేదు. పుస్తకాల్లో నేను ఎందరికో చూపించిన బొమ్మే అది. బొమ్మలో చలి ఉండదు. అక్కడ పళ్ళు టకటకా కొట్టుకునే చలి.

నా ప్రపంచమంతా మంచం కింద వేలాడే ఒక మూత్రం సంచీ అయిపోయింది. అత్తయ్యగారు ఊరి నుంచి ఫోన్ చేసి, ఎలా ఉందని అడగడం మానేసి, "ఎంత వచ్చింది?" అని అడిగేవారు. మా ఆయన ఆ సంచీని వెలుగుకి ఎత్తి చూసి చెప్పేవారు. రాత్రీ పగలూ వరండాలో చాప మీద ఉండేవారు. ఎప్పుడూ ఇంట్లో మంచినీళ్ళు కూడా ముంచుకోని మనిషి, నా బట్టలు ఉతికి మెట్ల దగ్గర ఆరేసేవారు. ఊరి వాళ్ళు వచ్చి కొబ్బరి బొండాలు పెట్టి వెళ్ళేవారు. కిడ్నీలకి పడవని అవి నేను తాగకూడదు. వద్దంటే నొచ్చుకుంటారని మంచం కింద దాచేవాళ్ళం. పక్క మంచం ఆవిడ కూతురు ఆకివీడు నుంచి వచ్చింది. ఒక సాయంత్రం నన్ను అడక్కుండానే నా తల తీసి ఒళ్ళో పెట్టుకుని, పది రోజుల చిక్కు ఓపిగ్గా విడదీసి జడ వేసింది. అంతవరకూ ఏడవనిదాన్ని అప్పుడు ఏడ్చాను. ఆ అమ్మాయి పేరు అడగడం మర్చిపోయాను.

రోజూ నాగేశు సంగతి అడిగేదాన్ని. కబురు అందిందన్నారు. మర్నాడు, తీసుకొచ్చారట అన్నారు. దీపావళి నాడు ఊరంతా టపాకాయలు. మా ఆయన లోపలికి వచ్చారు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"నాగేశు ఎలా ఉన్నాడండీ?"

"బాగానే ఉన్నాడు. కింద వార్డులోనే ఉన్నాడు. పద్మ కనిపించింది."

నాకు గుండెల మీది రాయి దింపినట్టయింది. ఆ సాయంత్రం మొదటిసారి రెండు ముద్దలు సరిగా తిన్నాను. ఆ మర్నాడే సంచీలో నీరు కనిపించింది. నర్సు నవ్వుతూ అందరికీ చూపించింది. మా ఆయన మాత్రం బయటికి వెళ్ళిపోయారు.

నాగుల చవితి అయ్యాక ఇంటికి పంపారు. కాళ్ళు నిలవడం లేదు గానీ బతికాను. గుమ్మంలో అత్తయ్యగారు దిష్టి తీశారు. మంచం మీద కూర్చోబెట్టగానే, "నాగేశుని కూడా పంపేశారా?" అని అడిగాను. అత్తయ్యగారు వంటింట్లోకి వెళ్ళిపోయారు. మా ఆయన నా ఎదురుగా నేల మీద కూర్చున్నారు.

"దీపావళి నాడు పొద్దున్నే పోయాడు సత్యా. తెచ్చిన రెండో రోజే. నేను దగ్గరే ఉన్నాను."

"బాగానే ఉన్నాడన్నారు."

"అన్నాను. నీకు చెబితే నువ్వు ఆ మంచం దిగేదానివి కాదు. ఒకరు పోయింది చాలు అనిపించింది నాకు."

మూడు రోజులు ఆయనతో మాట్లాడలేదు. నా కోసం ఆయన కింద ఒక చావూ పైన ఒక అబద్ధమూ మోశారని తెలుసు. తెలిసినా మాట్లాడలేకపోయాను. నేను ఆ రెండు ముద్దలు అన్నం తిన్నప్పుడు కింద పద్మ ఏం చేస్తోందో అన్న ఆలోచన ఇప్పటికీ నన్ను వదలదు.

ట్రస్టు వాళ్ళు వచ్చారు. "మీ తప్పు కాదు మేడం, రెండు వైపులా వేయడం మా పొరపాటు," అన్నారు. పళ్ళు ఇచ్చారు. ఇప్పుడు కాగితాలు ఒకే వైపు వేస్తున్నారు, ప్రమాదం సంగతులు పైన పెద్ద అక్షరాల్లో. పాతవన్నీ నేను దారం కట్టి కిటికీకి వేలాడదీశాను, గాలికి అటూ ఇటూ తిరుగుతాయి. ఇది చదివే వాళ్ళకి నేను చెప్పగలిగేది రెండే మాటలు. నీళ్ళలో దిగాక జ్వరం వస్తే ఇంట్లో ఉండకండి. ఎంత చదువుకున్నవాళ్ళు చెప్పినా సరే, మనిషి పాడవుతుంటే ఆ మాట పట్టుకుని కూర్చోకండి.

మార్గశిరంలో నాలుగడుగులు వేయగలిగాక పద్మ ఇంటికి వెళ్ళాను. మా ఆయన పొలం పక్క వాళ్ళ దోనె మాట్లాడారు. దారంతా ఏం చెప్పాలో అనుకుంటూ వెళ్ళాను. ఆ కాగితం సంగతి దాచకూడదని నిశ్చయించుకున్నాను. తిడుతుందని తెలుసు. తిట్టాలనే కోరుకున్నాను.

పద్మ అరుగు మీద వల బాగుచేస్తోంది. నన్ను చూసి లేచి చాప వేసింది. నేను కూర్చోకుండానే మొదలుపెట్టాను. కాగితం, వెనక వైపు, ముద్ర, అంతా చెప్పాను.

"తెలుసండి," అంది పద్మ. "మీ ఆయన ఆస్పత్రిలో చెప్పారండి. నా కాళ్ళ దగ్గర కూర్చుని చెప్పారండి."

నేను మా ఆయన వంక చూశాను. ఆయన నీళ్ళ వైపు తిరిగి నిలబడ్డారు.

"మీకొక దారి, మాకొక దారి చెప్పలేదు కదండీ," అంది పద్మ. "మీ ప్రాణానికి మీరేం చేసుకున్నారో అదే మాకూ చెప్పారు. మా అన్నయ్య కోప్పడుతుంటే కూడా అదే అన్నానండి. ఆవిడా ఇంట్లోనే ఉండిపోయారు కదా అన్నయ్యా అని."

"నన్ను అడక్కుండా ఉంటే బాగుండును పద్మా."

"అడక్కుండా ఎలా ఉంటామండీ," అంది, అర్థం కానట్టు చూస్తూ. "ఇంకెవర్ని అడుగుతామండి?"

నేను చాప మీద కూర్చున్నాను. పద్మ లోపలికి వెళ్ళింది. ఇంటికి వచ్చిన మనిషికి ముందు మంచినీళ్ళు ఇవ్వాలి కదా. గుమ్మం దాకా చెంబుతో వచ్చి ఆగింది.

"మీకు నీళ్ళు కొలత ప్రకారం ఇమ్మన్నారటండీ. ఆస్పత్రిలో ఆయనకీ అలాగే చెప్పారు. ఎంత పొయ్యమంటారు?"

సగం గ్లాసు అన్నాను. కొలిచి పోసి ఇచ్చింది. తాగాను.